నాలుగు ముఖాల విద్యార్థిని

నమోదు 201. పన్నెండో తేదీ, మంగళవారం

ఈ రోజు ఉదయం ఏడున్నరకు నన్ను విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. ఎనిమిదింటికి ఉప్పు గోకే వంతు నాది. అందువల్ల ఆ ఉత్తరాన్ని తీరిగ్గా చదివి ఏడవడానికి వీలు కాలేదు. జల్లెడ పొరల మీద పేరుకున్న ఉప్పు గోకి, రెండు బస్తాలు మూట కట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి పది దాటింది. అప్పుడు చదివాను.

"సూరాడ నూకరత్నం, మంచినీటి యంత్రశాస్త్రం, రెండవ సంవత్సరం. సదరు విద్యార్థిని స్థానమందు గడచిన ఆరు మాసములలో నాలుగు వేర్వేరు ముఖములు తరగతికి హాజరైనట్లు మా నిఘా కన్ను కనుగొన్నది. మొదటి ముఖము: యువతి, శ్రద్ధగా ఉన్నది. రెండవ ముఖము: స్త్రీ, నమలుచున్నది. మూడవ ముఖము: పురుషుడు, నిద్రించుచున్నాడు. నాలుగవ ముఖము: వృద్ధుడు, అధ్యాపకునితో వాదించుచున్నాడు. ఇది వేషధారణ నేరము. కావున సదరు విద్యార్థినిని ఇందుమూలముగా బర్తరఫు చేయడమైనది. మీ భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని దిగంత విశ్వవిద్యాలయం ఆకాంక్షిస్తున్నది."

బర్తరఫు! ఎంత బరువైన మాట. నోట్లో పెట్టుకుంటే పళ్ళు కదిలినట్టుంటుంది. నా గురించి కాకపోతే ఈ ఉత్తరం చాలా నచ్చేది. "సదరు" అన్న మాటను ఇదివరకు చూడలేదు. నన్ను ఎవరూ సదరు అనలేదు కూడా.

రోజూ దినచర్య రాయాలన్నది మా కోర్సులో ఒక నియమం. ఇప్పుడు కోర్సు పోయింది. పుస్తకంలో పేజీలు ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి రాస్తూనే ఉంటాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఉత్తరం పైకి చదివాను. రెండో ముఖం మా పైడమ్మ పెద్దమ్మ. మూడో ముఖం లచ్చన్న మావ. నాలుగోది ఎర్రయ్య తాత.

"నమలతన్నానంటా?" అంది పెద్దమ్మ, నములుతూనే. "ఒక్క దినం మరమరాలు తిన్నందుకు ఇంత రాత రాస్తారేటి?"

"నాను నిద్దరోనేదు. కళ్ళు మూసుకుని ఇన్నాను," అన్నాడు మావ.

తాత మాత్రం కంచం పక్కకు జరిపాడు. తర్వాత, "ఆ పంతులు పీడనం ఎక్కువైతే ముందు దిగువ వాల్వు తిప్పమన్నాడే. అది తప్పు. తప్పని సెప్పినాను. వాదించడమెలాగవుద్ది?" అన్నాడు.

"తాతా, ఆయన రికార్డింగు. ఆ మాస్టారు పోయి నాలుగేళ్ళయింది."

"సచ్చిపోయినా తప్పు తప్పే."

నమోదు 202. పదమూడు, బుధవారం

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. మా తెప్ప మీద దాన్ని తప్పు అనరు. అదీ ఇబ్బంది.

తెప్ప-11 మీద మేం నలభై ఒక్కమందిమి. సముద్రపు నీటిని మంచినీరు చేసి గొట్టంలో గట్టుకు పంపడం మా పని. పంపుగదిలో పీడనం ముల్లు ముందు ఒక కుర్చీ ఉంది. దాని వెనక గోడ మీద ఎర్ర రంగుతో రెండు వాక్యాలు రాసి ఉంటాయి. ఒకటి: "కుర్చీ ఖాళీగా ఉండరాదు." రెండు: "బదులు కూర్చున్నవారు మీట ముట్టరాదు." పూర్వం ఎవరో టీ తాగుదామని లేచిన ఏడు నిమిషాల్లో పొరలన్నీ పగిలి, గట్టు మీద మూడు ఊళ్ళకు వారం రోజులు నీళ్ళు లేకుండా పోయాయట. అప్పటినుంచి ఇక్కడ ఎవరైనా పని మధ్యలో లేస్తే దగ్గరున్నవాళ్ళు వచ్చి ఆ చోట కూర్చుంటారు. అడగక్కర్లేదు. లేచినవాళ్ళు తిరిగొచ్చేదాకా కూర్చోవడం, చూడడం, ముల్లు ఎర్రగీత దాటితే కేకేయడం. అంతే. మీట ముట్టడం మాత్రం లేదు.

పంపు కుర్చీతో మొదలైన అలవాటు అన్ని కుర్చీలకూ పాకింది. పేకాట మధ్యలో లేచినా ఎవరో ఒకరు ముక్కలు పట్టుకుని కూర్చుంటారు, ఆట మాత్రం ఆడరు. ఆ లెక్కన నేను క్లాసు మధ్యలో ఉప్పు గోకడానికి లేస్తే పెద్దమ్మ వచ్చి తెర ముందు కూర్చునేది. ఆమెకు కూర దించే వేళయితే మావ. మావ గురక పెడితే తాత. నా చదువు ఖాళీగా ఉండకూడదని వాళ్ళ ఉద్దేశం. ఇది నేరమని నా బుర్రకూ తట్టలేదు.

ఇప్పుడు అసలు భయం. తాతకు ఈ నెలలో డెబ్బై నిండుతాయి. ముప్ఫై ఒకటో తేదీతో ఆయన నీటి లైసెన్సు రద్దు. లైసెన్సు ఉన్న మనిషి ఒక్కరైనా లేని తెప్పను గట్టుకు లాగేసి, ఇనుము తీసుకుని, మనుషుల్ని తలో దిక్కూ సర్దుతారు. తెప్ప-8కి అదే జరిగింది. లైసెన్సు పరీక్ష ఇరవై ఎనిమిదిన. విశ్వవిద్యాలయం విద్యార్థులు మాత్రమే రాయవచ్చు. తెప్ప మొత్తానికి విద్యార్థిని నేనొక్కదాన్నే. నిన్నటిదాకా.

సాయంత్రం విశ్వవిద్యాలయపు సహాయక యంత్రం "మిత్ర"ను పిలిచాను. గొంతు తేనెలా ఉంటుంది.

"నమస్కారం! మీ విద్యార్థి సంఖ్య చెప్పండి."

చెప్పాను.

"ఈ సంఖ్యతో విద్యార్థులెవరూ లేరు."

"ఫిర్యాదు కూడా అదేనండి."

"మీ బాధ నాకు అర్థమైంది. ఫిర్యాదు చేయడానికి మీ విద్యార్థి సంఖ్య చెప్పండి."

నాలుగుసార్లు ఇలా తిరిగాం. ఐదోసారి సంఖ్యను కేకేసి చెప్పాను. మిత్ర వెంటనే పసిగట్టింది. "మీరు ఆందోళనగా ఉన్నట్టున్నారు. మనసు కుదుటపడడానికి కాసేపు సముద్రపు అలల చప్పుడు వినిపిస్తాను," అంది.

వినిపించింది. సముద్రం మధ్యలో కూర్చుని సముద్రం విన్నాం. పెద్దమ్మ చెవి దగ్గర పెట్టుకుని, "మన దానికన్న ఇదే బాగుందే. కంపు నేదు," అంది.

నమోదు 203. పద్నాలుగు, గురువారం

దారి ఒకటి దొరికింది. విద్యార్థి కానివాళ్ళు "సాధారణ ప్రజల వరుస"లో నిలబడి ఫిర్యాదుల అధికారితో మాట్లాడవచ్చునట. నిజం మనిషి! యంత్రం కాదు. ఈ సంగతి నియమావళి అరవై మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అక్కడిదాకా చదివిన మనిషిని బహుశా నేనే.

వరుసలో చేరాను. తెర మీద అంకె: 9,412.

నియమాలు మూడు. తెర ముందు ఎప్పుడూ ఒక ముఖం ఉండాలి. అర నిమిషం ముఖం కనిపించకపోతే వరుసలోంచి తీసేసి చివరికి పంపుతారు. అధికారి పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకే ఉంటారు గాని, వరుస మాత్రం రోజంతా నడుస్తుంది. అంటే అధికారి ఇంటికెళ్ళినా మేం వెళ్ళకూడదు.

ముఖం ఎవరిదై ఉండాలో మాత్రం ఎక్కడా రాయలేదు. మళ్ళీ మళ్ళీ చూశాను. విద్యార్థి కానివాళ్ళ ముఖాలు వాళ్ళ దగ్గర లేవు కాబట్టి ఎవరిదైనా ఒకటేనన్నమాట.

ఈ మాట తాతకు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మనకి మరి ఇదే కదే పని," అన్నాడు.

నమోదు 205. పదహారు, శనివారం

అంకె: 6,870.

పంపుగది వంతుల పట్టిక పక్కనే ఇంకో పట్టిక వేలాడదీశారు. పైన తాత తన చేత్తో "గుంట కుర్చీ" అని రాశాడు. గుంట అంటే మా వాడుకలో ఆడపిల్ల, అంటే నేను. నా పేరు రాయమంటే, అంత పొడుగు పేరు పట్టదన్నాడు. తలా రెండు గంటలు. నలభై ఒక్కమందీ చేరారు.

వరుస ఎందుకు ఇంత వేగంగా కదులుతోందో ఇవాళ అర్థమైంది. అధికారి రోజుకు నలభై మందికన్నా ఎక్కువ చూడరు. మరి వందలకొద్దీ ఎలా తగ్గుతోంది? మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు వరకు అంకె జారుడుబల్ల మీద జారినట్టు జారుతుంది. అన్నాల వేళ. ముందున్నవాళ్ళు కంచం తెచ్చుకోవడానికి లేస్తున్నారు. అర నిమిషం దాటుతోంది.

పెద్దమ్మ ఈ కిటుకు కనిపెట్టినప్పటినుంచి పన్నెండున్నరకు తన వంతు కాకపోయినా వచ్చి నిలబడుతోంది. "తినండమ్మా, తినండి. బాగా తినండి. మారు అన్నం పెట్టుకోండి," అని తెరను దీవిస్తోంది.

లచ్చన్న మావకు అందరికన్నా మంచి పేరు వచ్చింది. కళ్ళు మూసుకున్నా ముఖం ముఖమే కాబట్టి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని నిద్రపోగలడు. తెల్లవార్లూ ఆయనదే. ఆయన జీవితంలో ఇంతమంది మెచ్చుకున్న పని ఇదేనని అత్త అంటోంది.

నమోదు 208. పంతొమ్మిది, మంగళవారం

అంకె: 3,022. మా పొరుగు కోదండం గారి వంతులో అలల తాకిడికి తెర పక్కకు తిరిగి, ఇరవై రెండు సెకన్లు గోడ కనిపించింది. ఇరవై మూడో సెకనుకు ఆయన గోడ ముందుకు దూకాడు. మోకాలికి పసుపు పట్టు వేశారు.

నేను మధ్యలో పాఠాలు తిరగేస్తున్నాను. పరీక్ష రాయనిస్తారో లేదో తెలియకుండా చదవడం వింతగా ఉంది. కొత్త మాటలు: "పునఃప్రవేశం", "అభ్యర్థన", "సానుభూతిపూర్వకంగా". మూడోది పలికితే ఊపిరి ఒక్కటి ఖర్చవుతుంది.

నమోదు 211. ఇరవై రెండు, శుక్రవారం

అంకె: 214.

మధ్యాహ్నం నా వంతు. ఏమీ తోచక ఆ జారే అంకెనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా ఎక్కడో ఎవరో అన్నం కంచంతో తిరిగొచ్చి, తెర మీద "మీరు చివరికి పంపబడ్డారు" అన్న మాట చూస్తారు. వాళ్ళను కూడా ఎవరో "సదరు" అని ఉంటారు. వాళ్ళ బదులు కూర్చోవడానికి ఎవరూ లేరు, అంతే తేడా.

పెద్దమ్మ వచ్చి ఎప్పటిలా "తినండమ్మా" అనబోయింది. నా ముఖం చూసి ఆగి, "సర్లే. బేగి తిని రండి," అని మార్చింది.

నమోదు 212. ఇరవై మూడు, శనివారం

ఇది పెద్ద నమోదు అవుతుంది. చెయ్యి నొప్పి పుట్టినా ఆపను.

పదకొండున్నరకు అంకె 1 అయింది. పన్నెండుంబావుకు తెర తెరుచుకుంది. నలభై అయిదేళ్ళావిడ, జుట్టు ముడి, కళ్ళ కింద నలుపు. వెనక ఒక బీరువా, దాని మీద ఎండిపోయిన మొక్క. కింద పేరు: బి. వకుళ, ఫిర్యాదుల అధికారి.

నేను పది రోజులుగా కంఠస్థం చేసిన అభ్యర్థనను మొదలుపెట్టాను. "అధికారి గారి దివ్యసముఖమునకు, సదరు విద్యార్థిని సానుభూతిపూర్వకంగా..."

"అమ్మా, మామూలుగా చెప్పు," అంది ఆవిడ.

మామూలుగా చెప్పాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. కొంచెం చిన్నతనంగా అనిపించింది.

"నియమం పద్నాలుగు," అంది వకుళ గారు. "ఇంకొకరి ముఖం కనిపిస్తే బర్తరఫే. కారణం అక్కర్లేదు. నేను చేయగలిగిందేమీ లేదమ్మా. ఇంకేమైనా సహాయం కావాలా?"

పెద్దమ్మ నన్ను పక్కకు తోసి తెరలోకి వచ్చింది. "అమ్మా, ఆ రెండో ముకాన్ని నానే. సూసుకో."

వకుళ గారు కాగితం చూసి, పెద్దమ్మను చూసి, "అవును. నములుతున్నారు," అంది.

"పని మద్దెలో మనిసి లేస్తే ఆ కుర్చీ సూడాలా వద్దా? మీ కాడ ఎవరు సూస్తారు?"

అప్పుడే ఆవిడ కడుపులోంచి పెద్ద చప్పుడు వచ్చింది. తలుపు కీచుమన్నట్టు. మా గదిలో అందరూ విన్నారు. నిద్రలో ఉన్న మావ కూడా కళ్ళు తెరిచాడు.

"మాఫ్ చేయండి," అంది వకుళ గారు. "ఇదివరకు ఇద్దరం ఉండేవాళ్ళం. నాగభూషణం గారని. ఆయన తింటుంటే నేను, నేను తింటుంటే ఆయన. పోయిన ఏడాది ఆయన్ని బర్తరఫు చేశారు. ఇప్పుడు నేను ఒక్క నిమిషం లేచినా తెర ముందు ముఖం లేదని వరుస మొత్తం మొదటికి వెళ్ళిపోతుంది. అందరూ మళ్ళీ చేరాలి. ఒకసారి తుమ్మి తల వంచాను, పదివేలమంది పోయారు. అప్పటినుంచి ఆరు తర్వాతే తింటున్నాను."

నాకు తెలియకుండానే నోరు తెరిచాను.

"మీరు తిని రండి. నేను కూర్చుంటాను."

నిజానికి ఇది ధైర్యం కాదు, దయ కూడా కాదు. మా తెప్ప మీద ఎవరైనా ఆకలితో కుర్చీలో కనిపిస్తే నోట్లోంచి వచ్చే మాట అదే. తుమ్మితే చిరంజీవ అన్నట్టు.

ఆవిడ బల్ల అంచు తడిమింది. "నాగభూషణం గారికి అప్పగించే మీట ఒకటి ఉండేది. తీసేయడం వాళ్ళు మర్చిపోయారు. పది నిమిషాలు చాలు," అని ఏదో నొక్కింది. ఆవిడ ముఖం పోయి, నా తెర నిండా ఆవిడ బల్ల వచ్చింది. కాగితాల దొంతరలు, గడియారం. అన్నిటికన్నా పైన, తెరిచి ఉన్న కాగితం నాదే. సూరాడ నూకరత్నం. దాని కింద రెండు మీటలు. ఎర్రది: "బర్తరఫు ఖాయం." పచ్చది: "పునఃప్రవేశం."

పచ్చది నా చూపుడువేలికి జానెడు దూరంలో ఉంది.

"నొక్కియ్యే," అంది పెద్దమ్మ చెవిలో. "ఓలమ్మా, పచ్చది! నొక్కియ్యే గుంటా, ఎవరు సూస్తారు?"

"పైడమ్మా," అన్నాడు తాత.

"ఏటి పైడమ్మ? ముప్పై ఒకటిన మన్ని గట్టుకి లాగీసినప్పుడు నీ గోడ మీద రాత తిందువా?"

తాత ముఖం చూస్తే ఆయనకూ పచ్చమీట కనిపిస్తోందని తెలిసింది. నలభై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. నన్ను ముట్టొద్దని అనలేదు, ముట్టమనీ అనలేదు. ఉత్తినే నా వెనక నిలబడ్డాడు.

రెండు చేతులూ కుర్చీ కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాను. అలా కాకపోతే వేలు తనంతట తానే వెళ్ళేలా ఉంది.

ఇంతలో తర్వాతి ఫిర్యాది వచ్చేసింది. తెర మూల ఒక పసిపాప ముఖం. ఎనిమిది నెలలుంటాయి. పక్కన ఇంకెవరూ లేరు. పాప తెరను నాకుతోంది. కాసేపటికి ఒకావిడ చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో, వచ్చేసిందా నా వంతు! ముఖం ఉంటే చాలన్నారని దీన్ని కూర్చోబెట్టి పొయ్యి చూసొస్తున్నానండి," అంది. ఆవిడ పేరు ఫాతిమున్నీసా. పరీక్ష మధ్యలో నొప్పులొచ్చాయట. ఆసుపత్రికి వెళ్తే పరీక్ష పోతుందని ఆఖరి ప్రశ్న దాకా రాస్తూనే ఉందట. ఇంతలో నిఘా కన్ను, "గదిలోకి రెండవ వ్యక్తి ప్రవేశించినది" అని ఆవిడను బర్తరఫు చేసింది.

"ఆ రెండో వ్యక్తి ఇదేనండి," అని పాపను ఎత్తి చూపించింది. "అప్పటినుంచి పదిహేడుసార్లు వరుసలో చేరాను. ఇది ఏడ్చినప్పుడల్లా లేచేదాన్ని. పద్దెనిమిదోసారి దీన్నే కూర్చోబెట్టాను."

ఆవిడకు నేనేం చెప్పాలి? "నేను అధికారిని కాదండి. బదులు కూర్చున్నాను. ఆవిడ అన్నానికి వెళ్ళారు. నేను ఏమీ నొక్కకూడదు. మీరు చెప్పింది మాత్రం గుర్తుంచుకుని ఆవిడకు చెబుతాను," అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కింద కూలబడి నవ్వింది. "ఎనిమిది నెలల్లో అధికారి ఎక్కడికి వెళ్ళారో ఒకరు చెప్పడం ఇదే మొదలు. తిననివ్వండమ్మా. నేనుంటాను," అంది.

పది నిమిషాలు ఇరవై రెండయ్యాయి. వకుళ గారు పరుగున వచ్చింది. చెంప మీద దిండు గుర్తు ఉంది. "తిన్నాక ఒక్క క్షణం ఒరిగాను..." అంటూ బల్ల వైపు చూసింది. నా కాగితం మీద చూపు ఆగింది.

"ఇది ఇలాగే ఉందేం?"

"ఎలా ఉండాలండి?"

"పచ్చమీట అక్కడే ఉంది కదా."

"బదులు కూర్చున్నవాళ్ళు ముట్టకూడదండి," అన్నాను. చేతులు తిమ్మిరెక్కాయి, బయటికి తీయడానికి తాత సాయం పట్టాడు.

ఆవిడ నా పాత రికార్డులు తెరిచింది. "రెండో ముఖం కూర్చున్నప్పుడు ఎన్ని జవాబులు నొక్కింది... సున్నా. మూడో ముఖం... సున్నా. నాలుగో ముఖం... సున్నా. ఆరు నెలల్లో నూట ముప్ఫైసార్లు కూర్చున్నారు. ఒక్క మీటా ముట్టలేదు." తల ఎత్తింది. "వేషం వేసినవాళ్ళు ఇంకొకరి బదులు జవాబు రాస్తారమ్మా. మీవాళ్ళు ఉత్తినే కూర్చున్నారు. ఇప్పుడు నా కుర్చీలో నువ్వు కూర్చున్నట్టు."

"అదే కదమ్మా నాను మొదట్నించీ మొత్తుకుంటన్నాను!" అంది పెద్దమ్మ. ఆమె మొత్తుకున్నది పచ్చమీట నొక్కమని. ఆ సంగతి నేను ఎత్తలేదు.

వకుళ గారు పచ్చది నొక్కింది.

తెర ఎర్రబడింది. "మూడు అదనపు ముఖములు మిగిలియున్నవి. ముఖములను తొలగించుట సాధ్యం కాదు. వర్గీకరించండి: దొంగ / విద్యార్థి."

"ఇంకో మాట లేదా? బంధువు? శ్రేయోభిలాషి?" అని అడిగాను. నాకు అలాంటి మాటలు చాలా తెలుసు.

"రెండే," అంది ఆవిడ. గడియారం చూసింది. పాపను చూసింది. "సరే," అని మూడుసార్లు నొక్కింది.

నమోదు 213. ఇరవై నాలుగు, ఆదివారం

పొద్దున్నే నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నా పునఃప్రవేశం. మిగతా మూడు: "దిగంత విశ్వవిద్యాలయానికి స్వాగతం! మీ పరీక్ష ఇరవై ఎనిమిదిన. సదరు విద్యార్థి హాజరు కానిచో, సహవిద్యార్థుల ఫలితములు కూడా నిలిపివేయబడును."

"నాకా పరీచ్చ?" అంది పెద్దమ్మ. తమాషాగా ఆమె నమలడం ఆపేసింది.

సాయంత్రం ఒక విచిత్రం బయటపడింది. పాఠాల్లో నేను వినని ముక్కలు అక్కడక్కడా ఉన్నాయి. నేను ఉప్పు గోకడానికి లేచిన వేళలవి. సరిగ్గా ఆ ముక్కలే పెద్దమ్మకు వచ్చు! ఎదురుగాలిలో గొట్టం ఎందుకు ఊగుతుందో నాకు తెలియదు. ఆమె చపాతీ పిండి కలుపుతూ గడగడా చెప్పింది. ముందేమిటి, తర్వాతేమిటి మాత్రం ఆమెకు తెలియదు. ఇద్దరం కలిసి రెండో సంవత్సరాన్ని అతికించుకుంటున్నాం.

నమోదు 217. ఇరవై ఎనిమిది, గురువారం

పరీక్ష జరిగింది. నాలుగు కుర్చీలు, నాలుగు తెరలు. మూడు గంటలు ఎవరూ లేవరాదు, ఎవరూ బదులు రారాదు. తెప్ప మీద ఇలాంటిది మొదటిసారి. గుమ్మంలో కోదండం గారు కాలు లోపలికి పెట్టబోయి మూడుసార్లు వెనక్కి తీసుకున్నాడు. పెద్దమ్మ కుర్చీలో కదిలితే చాలు, ఆయనకు కూర్చోవాలనిపించేస్తోంది.

ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులిచ్చి ఒకటి నొక్కమంటారు. మావ అన్నిటికీ రెండో జవాబే నొక్కి, అరగంటలో ముగించి, నిటారుగా నిద్రపోయాడు. మొదటి ప్రశ్న ఆ దిగువ వాల్వు గురించే, తాత అక్కడే గంటసేపు తెరతో మాట్లాడాడు. నిఘా కన్ను ఆయనకు రెండు హెచ్చరికలు ఇచ్చింది. ఆయన కన్నుకు మూడిచ్చాడు.

నమోదు 219. ముప్ఫై, శనివారం

ఫలితాలు వచ్చాయి. నాకు ఎనభై ఒకటి. లైసెన్సు మధ్యాహ్నానికే వచ్చింది. నీలం గీతల కాగితం మీద నా పేరు పూర్తిగా పట్టింది. తెప్పను లాగడానికి గట్టు నుంచి బయల్దేరవలసిన పడవను ఆపేశారు. పెద్దమ్మకు నలభై ఆరు. ఆమె మార్కుల కాగితాన్ని వంటగదిలో పోపులపెట్టె పైన అంటించుకుంది. లచ్చన్న మావకు నలభై ఒకటి. నలభై వస్తే ఉత్తీర్ణత.

ఎర్రయ్య తాతకు ముప్ఫై ఎనిమిది.

నలభై ఏళ్ళు ఈ తెప్పను నడిపిన మనిషి. ఆయన లైసెన్సు రేపటితో అయిపోతుంది. నేను ఆ కాగితాన్ని దాచాలో చూపించాలో తెలియక నిలబడ్డాను. ఆయనే చేతిలోంచి లాక్కుని చదివాడు. మావ మార్కులు కూడా చదివాడు. మావను ఎగాదిగా చూశాడు.

"లచ్చన్నా, పీడనం ఎక్కువైతే ముందేటి తిప్పాలిరా?"

"రెండోది," అన్నాడు మావ.

తాత తిన్నగా వెళ్ళి తెర ముందు కూర్చున్నాడు. విద్యార్థి సంఖ్య నన్ను చదవమన్నాడు. తను ఇప్పుడు విద్యార్థి కాబట్టి విద్యార్థుల వరుసలోనే చేరాడు. అంకె: 31,406. "రాయే," అన్నాడు.

అధికారి గారికి పంపే ఫిర్యాదు కదా, నేను "సవినయంగా విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలుపెట్టాను. కొట్టేయమన్నాడు. "మనస్తాపానికి గురై" అన్నాను. తనకేమీ తాపం లేదన్నాడు. చివరికి ఆయన చెప్పినట్టే, ఒక్క మాట కలపకుండా రాశాను:

"వకుళమ్మా, నాను నాలుగో ముకాన్ని. అన్నం తిన్నావా? మీ మొదటి ప్రశ్న తప్పు. దిగువ వాల్వు తిప్పితే తెప్ప తిరగబడిపోద్ది. ఆ ప్రశ్న రాసినోణ్ణి ఒక్కపాలి ఇటు పంపు. నా కుర్చీలో కూకోబెట్టి సూపిత్తాను. వచ్చీదాకా మా గుంట సూసుకుంటాది, దానికి లైసెన్సొచ్చింది."